కింది గడి

ఆఫీసు మార్కుల పట్టిక కింది గడిలో ఈసారి ఎవరిని వెయ్యాలా అని అక్క కొన్ని వారాలుగా సతమతమవుతూ ఉంటే, బాబాయ్ వచ్చి తనకు వేరే చోట ఉద్యోగం దొరికిందని చెప్పాడు. అక్కకు ప్రాణం లేచొచ్చింది. ఆయనకు మంచి జరిగిందని కాదు. ఆ సంతోషం కూడా కలిగింది గానీ, అది వెనకాల, కాస్త ఆలస్యంగా వచ్చింది.

ఇద్దరూ ఏడో అంతస్తు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. ఆ ఆఫీసులో రహస్యం మాట్లాడుకోవాలంటే మెట్లే గతి. మీటింగు గదులకు గాజు గోడలు. సీట్ల మధ్య అడ్డే లేదు. క్యాంటీన్లో పక్క బల్ల వాడి చెవులు మన పళ్ళెంలోనే ఉంటాయి. ఆరు లిఫ్టులున్న చోట మెట్లెక్కే పిచ్చివాడెవడూ ఉండడు కనుక, రాజీనామాలూ ప్రేమలూ ఏడుపులూ అన్నీ ఆ మెట్ల మీదే జరిగిపోతుంటాయి.

"ఇంకా ఎవరికీ చెప్పలేదమ్మా. ఇంట్లో కూడా చెప్పలేదు. ముందు నీకే చెబుతున్నా," అన్నాడు బాబాయ్. "చిన్న కంపెనీలే. మన గేటు ముందు టీకొట్టంత ఉంటుంది. కానీ వయసు అడిగి, చెప్పాక కూడా రమ్మన్నారు. అదీ విశేషం."

అక్క అసలు పేరు మెడలో వేలాడే కార్డు మీద తప్ప ఎక్కడా కనబడదు. పదిమంది ఉన్న టీముకు ఆవిడ లీడ్. చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ, చివరికి పై అధికారి కూడా అక్కా అనే పిలుస్తారు, ఒక్క బాబాయ్ తప్ప. టీములో అందరికంటే పెద్ద కనుక ఆయన అందరికీ బాబాయ్. యాభైకి దగ్గరపడ్డాడు. ఆ కంపెనీలో ఆ వయసు మనిషి ఇంకా మామూలు సీట్లో కూర్చుని పనిచేస్తూ కనబడితే, దారి తప్పి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూస్తారు.

ఎక్కడో ఉన్న ఒక పెద్ద బీమా కంపెనీకి ప్రోగ్రాములు రాసిపెట్టడం, చెడిపోతే బాగుచెయ్యడం టీము పని. రాసింది సరిగ్గా ఉందా లేదా అని చూడ్డం బాబాయ్ పని. ఒక్క ముక్కలో చెప్పాలంటే, తప్పులు చెయ్యడమే ఆయన ఉద్యోగం. పుట్టినతేదీ అడిగిన చోట రేపటి తేదీ కొడతాడు. పేరు అడిగిన చోట ఫోను నంబరు కొడతాడు. ప్రమాదంలో కుడిచెయ్యి విరిగిన మనిషి తన క్లెయిము ఎలా నింపుకుంటాడో తెలియాలని ఎడమచేత్తో, ఒక్క వేలితో, తడుముకుంటూ కొడతాడు. పక్క సీటు కుర్రాళ్ళు నవ్వితే, "నవ్వండ్రా నవ్వండి. రేపు ఆ చెయ్యి విరిగినవాడు తిట్టేది నన్ను కాదు, మిమ్మల్నే," అంటాడు.

ఇక కింది గడి సంగతి. ఏడాదికోసారి ఆ కంపెనీలో అందరికీ మార్కులు వేస్తారు. ఒక పెద్ద పట్టిక, అందులో పైనుంచి కిందికి గడులు. పదిమందిలో ఒకరు కింది గడిలో ఉండి తీరాలి. పదిమందీ గొడ్డులా పనిచేస్తే? అయినా ఉండాలి. కింది గడిలో పడ్డవాణ్ణి బాగుచేసే పథకం అని ఒకటుంది. పేరు వింటే అందులోకి వెళ్ళినవాడు నిజంగానే బాగుపడి వస్తాడనిపిస్తుంది. అలా వచ్చినవాణ్ణి ఇంతవరకు ఎవరూ చూడలేదు. కొన్నాళ్ళు సతాయించి, పనికిరాడు అని కాగితం మీద రాసి మరీ పంపేస్తారు. ఆ కాగితం చూశాక ఇంకే కంపెనీ గుమ్మం తొక్కనివ్వదు.

రాజీనామా ఇచ్చినవాడికి మార్కులతో పనేముందని వాడి పేరు పట్టికలోంచి కొట్టేస్తారు. కానీ గడి మాత్రం పోదు. మిగిలినవాళ్ళలో ఒకరు అందులోకి దిగాలి. అందుకని ప్రతి లీడుకీ ఒక చిట్కా తెలుసు. ఒకరికొకరు చెప్పుకోరు గానీ అందరికీ తెలుసు. పోయేవాణ్ణి పట్టిక మూసేదాకా ఆపితే, ఆ గడి వాడితోపాటే పోతుంది. ఎవరి కొంపా మునగదు.

"బాబాయ్, ఒక్క మాట అడగనా?" అంది అక్క. "సోమవారం మధ్యాహ్నం పట్టిక మూసేస్తారు. అప్పటిదాకా మీరు రాజీనామా పెట్టకుండా ఉండగలరా?"

బాబాయ్‌కి విడమరచి చెప్పాల్సిన పని లేదు. ఆయన అలాంటి పట్టికలు చాలా చూశాడు.

"అంటే పోతూ పోతూ చెత్తబుట్ట కూడా పట్టుకుపొమ్మంటావు," అని నవ్వాడు. "నేను పట్టుకెళ్ళకపోతే ఎవరి నెత్తిన పడుతుంది? ఆ పాపతల్లి నెత్తినేనా?"

పాపతల్లి అంటే ఈ మధ్యే కాన్పు సెలవు ముగించుకుని వచ్చిన పిల్ల. సగం ఏడాది సీట్లో లేదు కనుక పట్టిక లెక్కలో పని తక్కువ. అక్క తన కాన్పు తర్వాత ఆఫీసుకు వచ్చిన ఏడాది, ఆవిడనూ ఇలాగే ఆ గడిలో వేశారు. ఎవరి కాళ్ళు పట్టుకుని బయటపడిందో ఆవిడకే తెలుసు.

"సరేలే. పట్టుకుపోతా," అన్నాడు బాబాయ్. తర్వాత గోడ వైపు చూస్తూ, "సోమవారమా… సరే, వాళ్ళనోసారి అడుగుతా," అన్నాడు.

ఆ చివరి మాట అక్క చెవిన పడింది. ఏం అడుగుతారు బాబాయ్, ఏమన్నా ఇబ్బందా అని అప్పుడే అడిగి ఉండొచ్చు. అడిగితే ఆయన ఇబ్బందేనంటాడేమోనని భయం వేసింది. "చాలా థాంక్స్ బాబాయ్," అనేసి గబగబా సీటు దగ్గరికి వచ్చి, పట్టిక తెరిచి, ఆయన పేరును పట్టుకుని కిందికి లాగింది. వేలు తియ్యగానే అది గడిలో అతుక్కుపోయింది.

మధ్యాహ్నం పాపతల్లి లంచ్ బాక్స్ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. మూత తీసింది గానీ తినలేదు.

"అక్కా, ఈసారి నన్నే వేస్తారని అందరూ అనుకుంటున్నారు. ముందే చెప్పెయ్యక్కా. మా ఆయనకి ఇప్పటినుంచే మెల్లగా చెప్పుకుంటాను."

"నోరుమూసుకుని తిను. నిన్నెవరూ వెయ్యరు," అంది అక్క. ఆ మాట అంటున్నప్పుడు తన మీద తనకే గౌరవం కలిగింది.

*

శుక్రవారం మధ్యాహ్నం బాబాయ్ రెండు కాగితం కప్పుల్లో టీ పట్టుకుని అక్క సీటు దగ్గరికి వచ్చాడు. ఒకటి ఆవిడ ముందు పెట్టి, మెట్ల వైపు తల ఊపాడు.

మెట్ల దగ్గర కాసేపు టీ ఊదుకుంటూ నిలబడ్డాడు.

"ఆ టీకొట్టు మూసేశారమ్మా," అన్నాడు.

"ఏ టీకొట్టు?"

"నాదే. కొత్త ఉద్యోగం. ఈ రోజుకల్లా ఇక్కడ రాజీనామా ఒప్పుకున్నట్టు మెయిల్ చూపించమన్నారు. సోమవారం దాకా ఆగండి అన్నాను. రెండుసార్లు అడిగాను. మొదటిసారి మర్యాదగానే కుదరదన్నారు. ఇందాక ఫోన్ చేస్తే, నాలాంటివాళ్ళు ఇలాగే ఇక్కడ ఒక కాలు అక్కడ ఒక కాలు వేసి బేరాలాడతారట. వెనకాల ఇంకొకడు సిద్ధంగా ఉన్నాడట. వాణ్ణి తీసేసుకున్నారు."

అక్క చేతిలో టీ వేడికి కప్పు మెత్తబడి వంగింది. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది.

"నాతో ఒక్క మాట చెప్పకూడదా బాబాయ్? చెబితే వెంటనే పెట్టెయ్యమనేదాన్ని కదా!"

"అనేదానివే. అప్పుడు ఆ పిల్ల గతేంటి? నీకు మాటిచ్చాను, ఆవిడ గండం గడిచింది, మళ్ళీ వెనక్కి తీసుకోమంటావా?" అన్నాడు. ఆ మాటల్లో నిష్ఠూరం లేదు. ఉంటే బావుండునని అక్క అనుకుంది. "ఇంట్లో చెప్పకపోవడమే మంచిదైంది. స్వీట్ పాకెట్టు తీసుకెళ్ళి చెబుదామని ఆగాను. ఖర్చు కలిసొచ్చింది."

"నేను పేరు తీసేస్తాను. ఇంకా సోమవారం దాకా టైముంది."

"తీసి ఎవర్ని వేస్తావు?"

బాబాయ్ ఆవిడ వదిలేసిన కప్పు కూడా తీసుకుని, రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టి బుట్టలో పడేసి లోపలికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం దాకా అక్క తన సీట్లోంచి ఆయన్ని చూస్తూనే ఉంది. ఆయన ఎప్పటిలాగే ఎడమచేత్తో, ఒక్క వేలితో, లేని తేదీలు కొడుతూ కూర్చున్నాడు. ప్రోగ్రాము ఆ తేదీ తీసుకోనంటే తృప్తిగా తలాడించి ఇంకో తేదీ కొట్టాడు.

*

అక్క భర్త బడిపంతులు. ఆదివారం పొద్దున్నే పిల్లల జవాబు పత్రాలు నేలంతా పరుచుకుని దిద్దుకుంటున్నాడు. కూతురు ఒక మూల కూర్చుని, నాన్న దిద్దిన పేపర్లకు తనూ ఇంకో మార్కు వేస్తానని పేచీ పెడుతోంది.

"మీ క్లాసులో అందరూ బాగా రాస్తే ఏం చేస్తారు?" అంది అక్క గుమ్మంలో నిలబడి.

"ఎగిరి గంతేస్తాను. ఇంతవరకు ఆ భాగ్యం కలగలేదు."

"అప్పుడు కూడా ఒకణ్ణి ఫెయిల్ చేసి తీరాలని మీ హెడ్మాస్టర్ అంటే?"

"ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాను, జ్వరం ఎంతుందో అని."

అక్క నవ్వలేదు. అప్పుడు ఆయన తలెత్తి చూశాడు. ఆవిడ నేల మీద కూలబడి మొత్తం చెప్పింది. చెబుతున్నంతసేపూ పత్రాల అంచులు సర్దుతూనే ఉంది. ఆయన కలానికి మూత పెట్టి విన్నాడు.

"అయితే ఆ పెద్దాయన నోటి దగ్గర కూడు లాగేశావన్నమాట."

"నేనేమన్నా కావాలని చేశానా?" అక్కకు కోపం ముంచుకొచ్చింది. "ఇంకో మనిషి కోసమే కదా చేసింది! నా కోసం చేసుకున్నానా?"

"కావాలని చేశావని నేనన్లేదు."

"మరి ఆ మాటేంటి?"

"జరిగింది చెప్పాను."

కూతురు అదను చూసి ఎర్ర కలం మూత తీసింది. ఆయన కలం లాక్కుని, "రేపు పట్టిక మూసే మీటింగులో గట్టిగా అడుగు," అన్నాడు. "మా టీములో ఎవర్నీ వెయ్యను పొమ్మను. కొడతారా ఏం?"

"అలా ఎవరూ అనరు."

"ఎప్పుడన్నా అని చూశారా?"

నిజమే, ఎవరూ అని చూడలేదు. అన్నేళ్ళ ఉద్యోగంలో అక్క ఆ మీటింగుల్లో నోరు తెరిచింది, తన వరస వచ్చినప్పుడు 'ఒప్పుకుంటున్నాను' అనడానికే. ఆ రోజంతా గిన్నెలు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా, లోపల్లోపల మాటలు పేర్చుకుంటూనే ఉంది.

*

సోమవారం ఆఫీసుకు కాస్త ముందే వెళ్ళింది. మాటలు పేర్చుకుంటే సరిపోదు, అంకెలు కావాలి. ఆ ఆఫీసులో కన్నీళ్ళకైనా అంకెలుంటేనే విలువ.

ప్రతి సోమవారం పొద్దున్న పక్క టీము నుంచి ఒక పట్టిక వస్తుంది. బీమా కంపెనీ దగ్గరికి ఎన్ని క్లెయిములు వచ్చాయి, తప్పుల వల్ల ఎన్ని తిరిగివచ్చాయి, ఏ తేదీన ఏమైంది, అన్నీ అందులో ఉంటాయి. తయారుచెయ్యాలంటే గంటలు పట్టే పని. చూడాల్సిన చోటల్లా తేదీ పక్కన చిన్న ఎర్ర చుక్క పెట్టి ఉంటుంది. చుక్కలు పెట్టమని ఎవరూ అడగలేదు. పంపేది ఆ టీములో ఒక సీనియర్. మనిషి ఎదురుపడితే మొహం గంటు పెట్టుకుని పోతాడు గానీ ఇలాంటి విషయాల్లో ఎంత శ్రద్ధో అని అక్క ప్రతిసారీ అనుకుంటుంది. ఆ రోజు ఏడాది పొడుగునా వచ్చిన పట్టికలన్నీ తిరగేసింది. చుక్కలు వెతుక్కుంటూ పోతే పని ఇట్టే అయిపోయింది. బాబాయ్ చూసి పంపిన వాటిల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ఆ సీనియర్‌కి 'చాలా థాంక్స్, చుక్కలు ఎంతో పనికొచ్చాయి' అని మెయిల్ పెట్టి మీటింగుకు వెళ్ళింది.

గది బయట ఒక బుట్ట పెట్టారు. అందరూ ఫోన్లు అందులో పడేసి లోపలికి వెళ్ళాలి. పట్టికను ఎవరూ ఫోటో తీయకుండా ఆ కట్టుబాటు. లోపల గోడంత తెర మీద ఐదు టీముల మనుషులూ వరసగా పేర్లయి ఉన్నారు. నలుగురు లీడ్లు వచ్చారు. పక్క టీము లీడ్ జ్వరమని రాలేదు. పై అధికారి కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. వెనకాల అందరూ ఆయన్ని చూద్దాం సార్ అంటారు. ఆయన ఎవరికీ కాదని చెప్పిన పాపాన పోలేదు, అవునని చెప్పిన పాపానా పోలేదు. సెలవడిగితే చూద్దాం. జీతం పెంచమంటే చూద్దాం. మెత్తని గొంతు, మెత్తని నవ్వు. ఆ మాట విన్నవాడు ఆశ చంపుకోలేక ఏళ్ళకేళ్ళు ఎదురుచూస్తూ ఉంటాడు.

అక్క వరస వచ్చింది.

"నేను ఒప్పుకోవడం లేదు సార్," అంది. నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టింది. బాబాయ్ చూసిన పని ఎంత, తిరిగివచ్చింది ఎంత, అంకెలు చదివింది. తర్వాత కాగితం పక్కన పెట్టేసింది. "పోయిన ఏడు క్లయింటు మన ఒప్పందం ఎందుకు పొడిగించాడు సార్? తప్పులు వాళ్ళ దాకా పోలేదని. పోకుండా ఆపింది ఎవరు? మనందరం సరిగ్గా కొట్టేవాళ్ళం. చెయ్యి విరిగినవాడు ఎలా కొడతాడో ఆలోచించింది ఆయనొక్కడే. ఆయన్ని పనికిరాడని రాస్తే, రేపు నా టీములో ఎవరి మొహం నేను చూడలేను."

ఒక లీడ్ గొంతు సవరించుకుని, "మరి మీ పాపతల్లి…" అన్నాడు.

"ఆవిడ పేరెత్తకండి," అంది అక్క. "కాన్పుకెళ్ళడం తప్పయితే ఈ గదిలో ఎవరూ పుట్టకూడదు."

ఆ లీడ్ తలవంచుకున్నాడు. చూద్దాం సార్ మొదటిసారి కుర్చీలో ముందుకు జరిగాడు.

"బావుందక్కా. మీరు చెప్పింది న్యాయంగానే ఉంది. చూద్దాం. కానీ గడి ఖాళీగా ఉండదు కదా. అన్ని టీములూ కలిపి లెక్క సరిపోతే చాలు నాకు. మీవాళ్ళు వద్దంటే, ఇంకెవరో మీరే చెప్పండి."

నలుగురి కళ్ళూ తెర మీదికి వెళ్ళాయి. ముగ్గురు లీడ్ల చూపూ తమ తమ వాళ్ళను దాటుకుని, జ్వరంతో రాని లీడ్ టీము మీద ఆగింది. అక్క కూడా అక్కడే చూసింది. ఆ పేర్ల మధ్య ఒక పేరు ఆవిడ ఎప్పుడూ వినలేదు.

"ఈవిడెవరు?" అంది అక్క. "వాళ్ళతో ఏడాదంతా పనిచేశాను. ఒక్క మెయిల్లో కూడా ఈ పేరు చూళ్ళేదు."

"నేనూ చూళ్ళేదు," అన్నాడు ఒకతను, వెంటనే.

"నేను కూడా," అంది ఇంకొకావిడ.

మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది గానీ అక్క ఆగలేదు. ఎవరో తెలియని మనిషి. తెలియకపోవడమే సులువు. చూద్దాం సార్ ఆ పేరును పట్టుకుని కిందికి లాగాడు. బాబాయ్ పేరు మధ్య గడిలోకి ఎక్కింది. పట్టిక మూసుకుని, తెర మీద చిన్న తాళం బొమ్మ కనబడింది.

బయటికొచ్చి ఫోన్ అందుకోబోతుంటే చూద్దాం సార్ ఆపాడు. "మీరింత బాగా మాట్లాడతారని తెలీదక్కా," అని కాసేపు మెచ్చుకున్నాడు. అక్క నవ్వుతూ నిలబడింది. సిగ్గు లేకుండా చెప్పాలంటే, ఆ మెప్పు ఆవిడకు తియ్యగానే ఉంది. తర్వాత లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీద పరుగున దిగింది.

బాబాయ్ సీట్లో చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"బాబాయ్! మార్చేశారు. మధ్య గడి. మీకేం కాదు, హాయిగా ఉండండి!"

పక్కనే పాపతల్లి, అర్థం కాక ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"పెట్టేశానమ్మా," అన్నాడు బాబాయ్.

"ఏం పెట్టేశారు?"

"రాజీనామా. పట్టిక మూశారని మెయిల్ వచ్చింది కదా, రాగానే పెట్టేశాను. నీకు మాటిచ్చాను, మూసేదాకా పెట్టనని. ఎలాగూ కింది గడి కదా, మార్కుల ఉత్తరం చేతికొచ్చేలోపు నా అంతట నేను పోతే కాగితం మీద మచ్చ ఉండదు. ఇంకోచోట కనీసం గుమ్మం దాకా రానిస్తారు. రెండు రోజులు ఆలోచించుకునే పెట్టాను." ఎడమచెయ్యి ఎత్తి చూపించాడు. "దీంతోనే నొక్కా. తప్పులన్నీ దీని చేత చేయించాను కదా, ఇదీ దీని ఖాతాలోనే ఉండనీ అని."

నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

"వెనక్కి తీసుకోవచ్చు కదా?" అంది పాపతల్లి. "తీసుకోవచ్చు కదక్కా? ఇప్పుడేగా పెట్టారు!"

బాబాయ్ అప్పటికే వెనక్కి తీసుకునే మీట నొక్కి చూస్తున్నాడు, అది పలకడం లేదు. అక్క మళ్ళీ మెట్లెక్కింది. ఈసారి మెట్లు చాలా ఉన్నట్టనిపించాయి.

చూద్దాం సార్ తన గదిలో ఏదో తింటున్నాడు. ఆవిణ్ణి చూసి కాగితం రుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

"ఆయనదేనా? వచ్చిందే, ఒప్పేసుకున్నాను," అన్నాడు. "బాధ పడకండక్కా. ఆయన జీతంలో ఇద్దరు కొత్తవాళ్ళొస్తారు. మీ టీముకే ఇస్తాను."

"సార్, పొరపాటున పెట్టారు. మీరు ఆపితే ఆగుతుంది."

"ఆపొచ్చు. కానీ పైకి ఏమని రాయను? మధ్యాహ్నం రాజీనామా, సాయంత్రం వద్దు అంటే బావుంటుందా?"

అక్క కుర్చీ వెనక పట్టుకుని నిలబడింది. అప్పుడు ఆవిడకు ఇంకో ఆలోచన వచ్చింది. వచ్చినందుకు సంతోషించింది కూడా.

"పోనీ, ఆయన ఎలాగూ పోతున్నారు కదా సార్. ఆ గడి మళ్ళీ ఆయనకే వేసేయండి. ఆ అమ్మాయెవరో, ఆవిణ్ణి తీసెయ్యండి."

చూద్దాం సార్ జాలిగా చూశాడు.

"మూసేశాంగా అక్కా. తాళం పడింది. వచ్చే ఏడాది చూద్దాం."

*

బాబాయ్ నోటీసు రోజులు లెక్కపెట్టుకుంటూ రోజూ వస్తూనే ఉన్నాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదట. పొద్దున్న వచ్చి, ముందు, పోయేవాడు కదా అని అందరికంటే ముందే పంపేసిన మధ్య గడి అభినందన మెయిల్ ఇంకోసారి చదువుకుని, తర్వాత తప్పు తేదీలు కొట్టడం మొదలుపెడతాడు. "నువ్వు నా కోసం నోరు తెరిచావు చూడు, అది చాలమ్మా," అన్నాడొకసారి. ఆ మాటకు అక్క వాష్‌రూమ్‌లోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పుకుని నిలబడింది.

పాపతల్లి ఇప్పుడు అక్క దగ్గరికి లంచ్ బాక్స్ పట్టుకుని రావడం లేదు. ఏం అపకారం జరిగిందని కాదు. తన మూలంగా ఏదో జరిగిందని ఆ పిల్లకు అర్థమైంది. ఎదురుపడితే ఇద్దరూ పాప గురించి ఒక మాట అడిగి, ఒక మాట చెప్పుకుని వెళ్ళిపోతున్నారు.

గురువారం అక్క మెట్ల దగ్గర ఒంటరిగా నిలబడి ఉంటే, ఎవరో పై మెట్టు మీద ఆగి, "అక్కా, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?" అంది. బక్కపల్చటి మనిషి. ముప్పై దాటి ఉంటాయి. కార్డును తాడుతో సహా వేలికి చుట్టి విప్పి, మళ్ళీ చుడుతోంది.

తన పేరు చెప్పింది.

ఆ పేరు అక్క జన్మలో ఒక్కసారే చూసింది, గోడంత తెర మీద.

"మీకు నేను తెలీదక్కా. పక్క టీమే. మీరు మీ బాబాయ్‌గారి కోసం మీటింగులో ఎంత కొట్లాడారో మా ఫ్లోరంతా చెప్పుకుంటున్నారు. మా దగ్గర మా తరఫున అలా మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు." ఒక మెట్టు దిగింది. "నేను షాడోలో ఉన్నానక్కా. నేనున్నట్టు క్లయింటుకే తెలీదు. బిల్లు మా సీనియర్ పేరు మీద వేస్తారు, పని నేను చేస్తాను, మెయిల్ ఆయన పేరుతో పోతుంది. రెండేళ్ళయింది. మీకు సోమవారం సోమవారం క్లెయిముల పట్టిక వస్తుంది కదా?"

అక్క గోడకు చెయ్యి ఆనించింది.

"అది నేనే చేస్తా. తేదీల పక్కన ఎర్ర చుక్కలు పెట్టేది నేనే, మీరు వెతుక్కోకుండా ఉంటారని. మొన్న మీరు థాంక్స్ చెబుతూ మెయిల్ పెట్టారు చూడండి, మా సీనియర్ నాకు చూపించాడు. ఎంత సంతోషమేసిందో! ఆయనకి పెట్టిందే అనుకోండి, అయినా సరే. ఆ చుక్కలు బాబాయ్‌గారికి ఏమన్నా పనికొచ్చాయా అక్కా?"

"పనికొచ్చాయి," అంది అక్క.

"మీ టీములో ఒక సీటు ఖాళీ అవుతోందటగా." ఇంకో మెట్టు దిగింది. ఇప్పుడు ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉన్నారు. "నన్ను తీసుకోరా? ఏ పనిచ్చినా చేస్తాను. నా పేరు మీద చెయ్యనిస్తే చాలు. మార్కుల ఉత్తరాలు వచ్చేవారం ఇస్తారట. ఈసారి మధ్య గడి వచ్చినా చాలు, టీము మారడానికి వీలవుతుంది. కింది గడికయితే కదలనివ్వరు కదా. నాకు అది రాదులెండి. నేనసలు లెక్కలోనే ఉండను."

అక్క నిజం చెబుదామని నోరు తెరిచింది. ఆగిపోయింది, చెప్పకూడదన్న కట్టుబాటు గుర్తొచ్చి కాదు. మీటింగులో ఆ పేరు ముందు ఎత్తింది తనే, అది చెప్పాలి. ఎదురుగా ఆ మొహం అంత నమ్మకంగా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆదివారం గిన్నెలు తోముతూ పేర్చుకున్న మాటల్లో ఇప్పుడు ఒక్కటీ దొరకలేదు. నోట్లోంచి ఏదో ఒకటి రావాలి కనుక వచ్చింది.

"చూద్దాం," అంది అక్క.

మెత్తగా వచ్చింది ఆ మాట. నవ్వు కూడా దానంతటదే వచ్చింది.

"చాలక్కా, ఆ మాటన్నారు, అదే చాలు," అంది ఆవిడ. కార్డు మెడలో వేసుకుని, పేరున్న వైపు ముందుకు తిప్పుకుని, మెట్లెక్కి వెళ్ళిపోయింది.